బొటనవేలి కింద

జూన్‌లో బెండిగోకి ఐదింటికే చీకటి పడుతుంది.
హార్‌గ్రీవ్స్ వీధి లైబ్రరీ వెనక గదిలో
హీటరు ఒక పక్కే పనిచేస్తుంది,
అందుకని నలుగురమూ ఆ పక్కకే జరిగి కూర్చుంటాం.

లియాంగ్ గారు వాళ్లమ్మ నోటుపుస్తకం తెరిచారు.
ఎడమ పేజీలో క్యాబేజీ బాకీలు,
కుడి పేజీలో, ఎవరు రాశారో ఆమెకీ తెలియని
వెయ్యేళ్ల నాటి పాదాలు.

ఇవాళ ఒకే పాదం. ఐదే అక్షరాలు.
ఒంటి. పడవ. వాన. దీపం.
ఐదోదాన్ని బొటనవేలితో మూసేశారు.
"దీపం తర్వాత ఏముండాలి?"

డోరీన్ ముప్పై ఏళ్లు గొర్రె ఉన్నికి తరగతులు కట్టిన మనిషి,
వేళ్లతోనే ఆలోచిస్తుంది.
"వణకడం" అంది.
"వణకని దీపం ఎక్కడుంది?" అన్నారాయన.
ప్లంబరు డెక్లన్ "ఆరిపోవడం" అన్నాడు.
"మరి పడవ ఎలా కనిపించింది నీకు?"
నేను "ఏడవడం" అన్నాను.
ఆయన నాకు జవాబు చెప్పలేదు.
కిటికీ వైపు చూశారు. మర్యాదస్తుడు.

నాది కళ్లద్దాల దుకాణంలో పని.
పొద్దస్తమానం అడిగేదొకటే:
ఇదా బాగుంది, ఇదా? ఒకటా, రెండా?
పావు పాయింటు తేడాకి అక్షరం అంచు తేలుతుంది.
కంటి శుక్లం ముదిరినప్పుడు ఆయనా కూర్చున్నారు ఆ కుర్చీలో.
"రెండూ కాదు.
మొదటిది అబద్ధం, రెండోది మొహమాటం" అన్నారు.

బొటనవేలు తీశారు.

సన్నబడటం.

జ్వరం పడి లేచిన మనిషికి వాడే మాటట.
చెంపలు లోపలికి పోయిన దీపం.
వాన అవతల, ఎక్కడో, తీగంత.
డోరీన్ వేళ్లు లేని పోగునొకదాన్ని నలుపుతున్నాయి.
"పదహారు మైక్రాన్లు" అంది.
ఎవరికీ నవ్వు రాలేదు.

బస్సులో, టికెట్టు వెనకాల, తెలుగులో పెట్టి చూశాను.
సన్నబడింది: దర్జీ చెప్పినట్టుంది.
కృశించింది: జరీ కండువా, పడవకి బరువు.
బక్కచిక్కింది.
బక్క తీసేశాను.
చిక్కింది.

వానకి దీపం చిక్కింది.
చిక్కడమంటే తగ్గిపోవడం,
చిక్కడమంటే దొరికిపోవడం కూడానూ.
అదే నోట చిక్కటిదంటే చీకటి, మీగడ, పులుసు.
నలభై ఏళ్లు నమిలిన మాట,
కాలిఫోర్నియా గల్లీ స్టాపు దాటాక
మొదటిసారి నాలుక్కి తగిలింది.

కానీ చివర ఆ తోక.
మన క్రియ తోక లేకుండా బయటికి రాదు.
వాడో అదో, ఒకరో పదిమందో, నిన్నో రేపో
చెప్పి తీరాలి.
ఆయన అక్షరానికి అవేవీ లేవు.
ఆ దీపం ఎవరూ చూడకపోయినా,
నిన్న అయిపోకుండా, అలా సన్నమవుతూనే ఉంది.

తోక కోశాను.
ఒంటి పడవ. వాన. చిక్కిన దీపం.
ఇప్పుడు ఆఖర్న దీపం మిగిలిపోతోంది.
ఆయన పాదంలో మిగిలేది దీపం కాదు,
దాని సన్నదనం.
ఒకటా, రెండా?
మొదటిది అబద్ధం. రెండోది మొహమాటం.

మళ్లీ మంగళవారం ఆ టికెట్టు ఆయనకి చూపించాను.
చదవమన్నారు. చదివాను.
"మధ్యలో నీ గొంతు ఒక్క క్షణం ఆగింది, ఎందుకు?"
కొత్త అద్దాలు ముక్కు మీదికి జార్చి
చిక్కిన మధ్యలో వేలు పెట్టారు:
"అక్షరం కింద వేలాడుతున్న ఈ చిన్నది ఏమిటి?"

ఒత్తు, అన్నాను.

దీపంలో మేం వేసేదాన్ని ఏమంటామో కూడా చెప్పాలి.
హీటరు కట్టేశారు. డెక్లన్ కుర్చీలు పేరుస్తున్నాడు.
ఆయన ఇంకా ఆ అక్షరం మీదే వంగి ఉన్నారు,
బొటనవేలు దానికి తగలకుండా,
కొంచెం పక్కగా పెట్టి.